దుడ్డెకు పాసు లేదు

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో, రాయదుర్గం గుట్ట మీద రాళ్ళు పేల్చే మందు అంటుకుని ఎల్లేశం ఒళ్ళు చాలామటుకు కాలింది. వీపు మొత్తం పుండు. అతుకు వేయడానికి మంచి తోలు ఒంటి మీద సరిపడా లేదు. డాక్టర్ పుణ్యవతి అతని తొడ నుంచి గోరంత తోలు తీసి, దవాఖాన ప్రయోగశాలలో సీసాల్లో పెంచడానికి పూనుకుంది. పరాయి దేశంలో పెంచారట, మనం పెంచలేమా అని ఆమె పంతం.

"నారు పోసి నాటేసినట్టే, కిష్టమ్మా," అని ఎల్లేశం పెళ్ళానికి చెప్పింది. కిష్టమ్మకు అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది.

నారుకు నీళ్ళు కావాలి. ఈ నారుకు దూడ నెత్తురు గడ్డకట్టాక పైన తేరే తేట కావాలి. అదే రాలేదు. సామాను కొనే కుర్చీలో యజ్ఞనారాయణ ఉన్నాడు. కాగితం మీద 'దూడ' అన్న మాట చూశాడు, పక్కన పెట్టేశాడు.

"గోహింసకు నేను సంతకం పెట్టనండీ, డాక్టరు గారూ."

"చంపక్కర్లేదండీ. కాస్త నెత్తురు తీస్తే చాలు."

"సూది గుచ్చినా పాపమేనండీ."

గుమ్మంలో నిలబడ్డ కిష్టమ్మ లోపలికొచ్చింది. "సారూ, నా మొగని వీపు మీద ఈగలు వాల్తున్నయి. గా పాపం ఎవలది?"

"నీకు తెలీదమ్మా. బయట కూర్చో."

కూర్చుంది. కాగితంలో పాపం కనపడ్డ మనిషికి వార్డులో పాపం కనపడలేదు. వారం తిరిగేసరికి సీసాల్లో తోలు వాడిపోతోందని పుణ్యవతి మొహం తిప్పుకుని చెప్పింది. "పోతే ఒంటి మీద తోలు మళ్ళీ గీయాలి."

"యాడ గీస్తవు డాక్టరమ్మా? ఆయన ఒంట్ల ఇంక జాగేడున్నది? బర్రె దుడ్డె నెత్తురు పనికొస్తదా?"

"ఏమో. చూడాలి."

మర్నాడు కిష్టమ్మ తన బర్రె దుడ్డెకు తాడు కట్టి, బోరబండ మీదుగా నడిపించుకొచ్చింది. బిడ్డను విడవలేక తల్లి బర్రె కూడా వెంట వచ్చింది. కాపలావాడు గేటు మూశాడు. యజ్ఞనారాయణ దిగొచ్చాడు.

"పాసు లేనిదే లోపలికి రాకూడదు."

"ఇయ్యి మరి."

"పశువులకు పాసులుండవమ్మా."

"గిది ఆవు గాదు సారూ, బర్రె. ఇంత సదివినవు, గీ తేడా తెలుస్తలేదా?"

చుట్టూ జనం నవ్వారు. ఆయన రూలు వెతకడానికి లోపలికి పోయాడు. ఈలోపు పుణ్యవతే గేటు బయటికొచ్చి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంది. కిష్టమ్మ దుడ్డెను పొదివి పట్టుకుంది. నెత్తురు తీస్తున్నంతసేపూ బర్రె అరుస్తూనే ఉంది.

చాలా సీసాలు అప్పటికే పోయాయి. ఒక్కదాంట్లో ప్రాణం మిగిలింది. దుడ్డె నెత్తురు తేట పోస్తూ ఉంటే, కొన్ని వారాలకు పాల మీద మీగడలాంటి పొర తేలింది. దాన్ని ఎల్లేశం భుజం మీద పరిచి కట్టు కట్టారు. విప్పి చూస్తే పట్టింది.

"ఎంత పట్టింది?" అడిగింది కిష్టమ్మ.

"అరచెయ్యంత."

"వీపెంత ఉన్నదో ఎరుకేనా?"

"ఎరుకే. దుడ్డెను మళ్ళీ తేవాలి."

గేటుకు కొత్త బోర్డు వేలాడుతోంది. కిష్టమ్మ కాపలావాడితో చదివించుకుంది. పశువులను ఆవరణలోకి తేరాదట.

"తేను తియ్యి," అంది. "రోడ్డు గా సారుది గాదు గద."