ఖాళీ గడి

శామ్యూల్ రాజ్ ఆర్టీసీలో ముప్ఫై నాలుగేళ్లు కండక్టరుగా చేసి దిగిపోయాడు గానీ, బస్సులు మాత్రం ఆయన్ని వదల్లేదు. మేనకోడలు షీబా కాగితాల కోసం ఈ ఏడాదంతా తిరగడమే సరిపోయింది. గుర్తింపు కార్డు కోసం బందరు కలెక్టరాఫీసుకి, తల్లి సంతకం కోసం దివిసీమ చివర నాగాయలంకకి, మళ్లీ ఇంటికి గుడివాడకి. సర్వీసులో ఉన్నప్పుడు కనీసం కూర్చోడానికి తన సీటంటూ ఒకటుండేది. ఇప్పుడు అదీ లేదు.

"నేను రిటైర్డు కాదమ్మా, రీ-టైర్డు. మళ్లీ మళ్లీ టైరైపోయినవాణ్ణి," అన్నాడు గుడివాడ ఆఫీసు మెట్ల మీద చతికిలబడి.

షీబా నవ్వలేదు. ఆ ముక్క వినడం తొమ్మిదోసారి.

షీబా పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడనుకున్నారు. కాదని షీబాకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెలుసు. మిగతావాళ్లకి తెలియడానికి ఇరవై మూడేళ్లు పట్టింది, ఒప్పుకోవడానికి ఇంకో రెండేళ్లు. శామ్యూల్ రాజ్ కూడా మొదట్లో "ఒరేయ్" అని పిలిచి నాలుక్కరుచుకుని "ఒరేయ్ అమ్మాయ్" అని సర్దుకున్నవాడే. ఇప్పుడు ఆమెకి ఇరవై ఏడు. ఆపరేషనైంది. స్త్రీ అని కలెక్టరు గారి గుర్తింపు కార్డు వచ్చింది. ఆధారు మారింది, మార్కుల లిస్టులు మారాయి. మారాల్సింది ఇక పుట్టుక ఒక్కటే. బందరులో ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఆమెకి ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా జనన ధ్రువపత్రం చూపిస్తేనే అది ఆమెది. ఇవాళ గురువారం.

జనన మరణాలకి ఒకటే కిటికీ. పుట్టినవాళ్ల కాగితాలకి ఎడమ లైను, పోయినవాళ్ల కాగితాలకి కుడి లైను.

"మధ్యలో బతికున్నవాళ్లకి కౌంటరే లేదేంటండీ!" అన్నాడు శామ్యూల్ రాజ్, బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతుతో. కుడి లైనులో ఒకాయన ఫక్కుమని నవ్వి, తనెందుకొచ్చాడో గుర్తొచ్చి ముఖం సర్దుకున్నాడు.

కిటికీ వెనక క్లర్కు పుష్పావతి గారు అంచులు చిరిగిన పాత రిజిస్టరు తెచ్చి, పేజీలు తడి వేలితో తిప్పింది.

"ఇదిగో దొరికింది. తండ్రి ప్రేమ్ కుమార్, తల్లి రమణమ్మ. లింగం పురుష అనుంది. దాని పక్కన నోటు రాసేస్తాం, కలెక్టరు గారి కార్డుందిగా. కానీ పేరు..." కళ్లజోడు పైకి తోసుకుంది. "పేరు లేదండీ."

"లేకపోవడమేంటండీ?"

"గడి ఖాళీ."

"ఊరూరా ఖాళీ లేదు, ఖాళీ లేదు అని తిప్పారు. తీరా ఇక్కడికొస్తే ఖాళీ ఉండటమే తప్పయిందా?"

"జోకులు తర్వాత బాబాయ్ గారూ. సమాచారం ఇచ్చినవారు శామ్యూల్ రాజ్, మేనమామ అని రాసుంది. అది మీరేనా?"

శామ్యూల్ రాజ్ రిజిస్టరు మీదికి వంగి తన పాత సంతకం చూశాడు.

తనే. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి చెల్లెలు రమణమ్మ అప్పట్లో గుడివాడ వచ్చింది. అంతకు నెల ముందే వాళ్ల నాన్న, ముదినేపల్లి బళ్లో పాఠాలు చెప్పిన దైవాధీనం మాస్టారు, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. శామ్యూల్ రాజ్‌కి ఇద్దరూ ఆడపిల్లలే. చెల్లెలి బిడ్డకి మా నాన్న పేరే అని పట్టుబట్టాడు. మా నాన్న తోమాసు పేరే అన్నాడు బావ ప్రేమ్ కుమార్. తాతలిద్దరూ పైన ఒకే బల్ల మీద కూర్చుని ఉంటే, కింద వాళ్ల కొడుకులు పేరు కోసం పోరు పెట్టుకున్నారు. ఫారం నింపే రోజున "పేరేంటండీ?" అని అడిగితే శామ్యూల్ రాజ్ "తర్వాత చెబుతాం" అని సంతకం పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లయినా రాలేదు. బావ ఊళ్లో లేని రోజు చూసి, బిడ్డని బళ్లో చేర్చి దైవాధీనం అని రాయించింది కూడా తనే. దాంతో బావ నాలుగేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడటానికి బావే లేడు.

"ఏం చేస్తే అవుద్దండీ?" అని అడిగింది షీబా.

"సమాచారం ఇచ్చినాయన ఎదురుగానే ఉన్నారు కాబట్టి సులువే. ఇవాళ ఆయన నీ పాత పేరు రాసి సంతకం పెడితే, బడి రికార్డు ప్రకారం అది ఎక్కిస్తాం. శనివారం ఆ పేరు కొట్టేసి, ఎదురుగా నీ పేరు రాస్తాం. ఫైలు గట్టిగా ఉంటుందమ్మా, ఎవరూ వేలు పెట్టరు."

"డైరెక్టుగా నా పేరు రాస్తే?"

"రాయొచ్చు. మా ఆఫీసరు గారు ఒప్పుకోవాలి. పాత పేరేదని అడిగారంటే ఫైలు వెనక్కొస్తుంది. సోమవారం సంగతి నేను చెప్పలేను."

శామ్యూల్ రాజ్ గుండెల్లో ఏదో దొంగలా కదిలింది. నాన్న పేరు. గవర్నమెంటు పుస్తకంలో, రాజముద్ర కింద. రెండ్రోజులుంటే మాత్రమేం? కొట్టేసినా కనబడుతుందిగా. ఒక గీత కింద పడుకుని ఉంటుంది, అంతే.

షీబాని వరండాలోకి తీసుకెళ్లాడు.

"వినమ్మా. సోమవారం ముఖ్యం. ఆవిడ చెప్పిందే సేఫు. రెండ్రోజుల భాగోతమేగా."

"వద్దు మావయ్యా."

"వద్దంటే ఎలాగమ్మా? తొమ్మిది ట్రిప్పులు తిరిగాం. ఒడ్డు కనపడుతుంటే..."

"తొమ్మిది కాదు, నాకు ఇరవై ఏడేళ్ల ట్రిప్పు." షీబా గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేక గోడకి ఆనుకుంది. "బడి రిజిస్టర్లో ఆ పేరు కొట్టేసి ఉంది. ఇంటర్ కాగితాల్లో కొట్టేసి ఉంది. ఏది చూపించినా ముందు ఆ గీత చూస్తారు, తర్వాత నన్ను పైనుంచి కిందకి చూస్తారు. ఆ పేరు లేని పుస్తకం ఇదొక్కటే. నీకూ నాన్నకీ గొడవై నాకోసం ఒక్కచోటైనా ఖాళీ మిగిల్చారు. దాన్ని కూడా నింపి కొట్టేద్దామంటావేంటి?"

"ఉద్యోగం పోతే?"

"పోతే ఏడుస్తాను. అది నాకు అలవాటే."

శామ్యూల్ రాజ్ ఇదంతా ఆమె ఉద్యోగం కోసమేనన్నట్టు మాట్లాడాడు. తనకి తాను కూడా అదే చెప్పుకోబోయాడు గానీ, అది అబద్ధమని తెలుస్తూనే ఉంది.

కిటికీ దగ్గరికి తిరిగొచ్చారు. పుష్పావతి గారు ఫారం ముందుకి తోసింది. 'బిడ్డ పేరు' అని అచ్చువేసిన చోట ఒక చిన్న గడి. శామ్యూల్ రాజ్ పెన్ను తీసి ఆ గడి మీద పెట్టి, మళ్లీ ఎత్తాడు. వెనక లైనులోంచి ఎవరో గొణిగారు.

"ఏంటి బాబాయ్ గారూ, పేరు మర్చిపోయారా?" అంది పుష్పావతి గారు.

"లేదండీ. రెండూ గుర్తున్నాయి. అదే ఇబ్బంది."

షీబా పక్కకి తిరిగి నిలబడింది, చూడలేక. శామ్యూల్ రాజ్ వంగి, టిక్కెట్టు పుస్తకం మీద రాసినట్టు నొక్కి నొక్కి రాశాడు: షీబా. కింద సంతకం పెట్టాడు. సంతకం ఇరవై ఏడేళ్ల కిందటి దానిలా రాలేదు.

పుష్పావతి గారు చదివి ఆయన ముఖంలోకి చూసింది. "మీ ఇష్టమే. లోపలికి పెడతాను. కూర్చోండి."

కూర్చున్నారు. ఆఫీసరు గారు మీటింగులో ఉన్నారు, తర్వాత భోజనానికెళ్లారు, తర్వాత సర్వరు భోజనానికెళ్లింది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. షీబా సీసాలో మిగిలిన నీళ్లు ఆయనకే ఇచ్చింది.

"తాతయ్య పేరు ఇక ఈ పుస్తకంలోకి ఎక్కదు కదా మావయ్యా," అంది. "కోపంగా ఉందా?"

"మా నాన్న పేరు మొయ్యడానికి నిన్ను కూలికి పెట్టుకున్నానా ఏంటి?" అన్నాడు. ఆగి, నెమ్మదిగా అన్నాడు. "ఉందమ్మా, కొంచెం. నీ మీద కాదు. పోతుందిలే."

షీబా చెయ్యి ఆయన చేతి పక్కన బెంచీ మీద పెట్టింది. ఎండ వరండాలోకి దిగి వాళ్ల చెప్పుల దాకా వచ్చింది. కుడి లైను అయిపోయింది. ఎడమ లైనులో ఒక చంటిబిడ్డ ఏడ్చి ఏడ్చి తల్లి భుజం మీద పడుకుంది.

నాలుగింటికి లోపల్నుంచి ఆఫీసరు గారి గొంతు వినిపించింది. "ఆ రోజు పేరు చెప్పని ఆయనే ఇవాళొచ్చి చెబుతుంటే మనకేంటమ్మా అభ్యంతరం? కార్డు జత చేశారుగా? వేసెయ్."

ప్రింటరు గీపెట్టింది, ఆగింది, మళ్లీ గీపెట్టింది. పుష్పావతి గారు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"షీబా! షీబా ఎవరండీ?"

వరండాలో ఉన్న నలుగురూ అటూ ఇటూ చూశారు. ఏ ఆఫీసు కిటికీలోంచీ తన పేరు వినే అలవాటు లేక, షీబా మాత్రం విననట్టే కూర్చుంది, కళ్లు నేలకేసి. శామ్యూల్ రాజ్ మోచేత్తో పొడిచాడు.

"నిన్నేనమ్మా," అన్నాడు, బస్సులో ఎప్పుడూ వాడని చిన్న గొంతుతో. "వెళ్లు."