హిరుత్‌కు ఎదురొచ్చిన పొద్దు

మా ఇంట్లకెల్లి ఎవలన్న మంచి పని మీద బయలెల్లుతున్నరంటే నేను బర్లకొట్టంలకు పోత. గేటు సప్పుడయి బండి మూల మలిగెదాంక బయటికి రాను. ఐదేండ్ల సంది గిదే అలవాటు. బర్లకు గూడ అలవాటయింది, నన్ను జూసి తలకాయ ఎత్తవు.

నా మొగడు పోయి శాన ఏండ్లయింది. బుద్వేల్‌ల మా అన్న ఇంట్ల ఉంట. ఏర్‌పోర్టు కొత్తగ తెరిచినప్పుడు మా అన్న కొడుకు వీరేందర్‌ను నౌకరికి పిలిచిండ్రు. ఆ పొద్దు వాడు బండి మీద బయలెల్లుతుంటే నేను పాలగిన్నె పట్టుకోని ఎదురొచ్చిన. కొత్వాల్‌గూడకాడ పడ్డడు. కాలిరిగింది, నౌకరి పాయె. దవాఖానల అందరి ముందట మా వదిన సక్కుబాయి అన్నది, "అనంతమ్మ ఎదురొచ్చింది గద, మొగడు లేనిది ఎదురొస్తే గిట్లనే అయితది" అని. ఎవ్వలు కాదనలే. నేను గూడ కాదనలే. నోరున్నదాన్నే నేను, నాతోని మాట పడాలంటే వాడకట్టంత భయపడతది. కని ఆ పొద్దు సంది బర్లకొట్టం పట్టిన.

గిట్లుండంగ ఈ ఏడు, రెండువేల పదమూడు జనవరిల, హిరుత్ వచ్చింది. ఇథియోపియా పిల్ల. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీల ఒక్క సెమిస్టరు జొన్న మీద సదువుతానికి వచ్చి, మా మీది అర్ర కిరాయికి తీసుకున్నది. "జొన్న మీద సదువేంది పిల్లా? నా దగ్గర కూసో, నాలుగొద్దులల్ల నేర్పుత" అన్న. నిజంగనే వచ్చి కూసున్నది. మొదట్ల ఆమె కొట్టిన రొట్టెలు బర్లు గూడ తినలే. తెలుగు గూడ నా దగ్గరనే నేర్చింది, అందుకే తిట్లు ముందుగాల వచ్చినయ్. ఐతారమొస్తే కాఫీ గింజలు పెంక మీద ఏంచి ఇల్లంత పొగ పెట్టేది. నాకు పిల్లలు లేరు. ఆ పిల్ల పెద్దమ్మా అని పిలిస్తే కడుపు సల్లగయ్యేది.

మే నెల ఆఖర్ల సెమిస్టరయిపోయింది. పదకొండింటికి ప్లేను. వీరేందర్ ఇప్పుడు టాక్సీ నడుపుతడు, వాడే దింపాలె. ఏడింటికి బయలెల్లుడని అనుకున్నరు. ముందటి దినమే రొట్టెలు, మామిడికాయ తొక్కు కట్టిచ్చి, "రేపు నేను కనవడకపోతే ఎతకకు బిడ్డా" అని చెప్పిన. తలకాయ ఊపింది గని సమజయినట్టు లేదు.

తెల్లారి కొట్టంలకు పోయి తడక ఎనక కూసున్న. బండి మీద కొత్వాల్‌గూడ పోయినోనికే కాలిరిగే, సముద్రాల మీదికెల్లి పోయే పిల్లకు ఏమన్నయితే? ఆడ ఎదురుచూసే ఆమె తల్లికి నేనేం మొకం సూపెట్టాలె? ఏడయింది, ఏడున్నరయింది. వీరేందర్ హారను కొడుతనే ఉన్నడు. "ఏడనో ఉంటది, నువ్వు పో బిడ్డా, ప్లేను తప్పుతది" అని వదిన అంటుంది. "పెద్దమ్మ రాకుంటే నేను పోను" అని హిరుత్ మొండికేసింది. ఓరి దేవుడా, పోరాదు పిల్లా, పో, అని నేను నోట్ల నోట్లనే మొత్తుకుంటున్న.

ఆఖరికి తెల్ల బూట్లతోని పేడల తొక్కుకుంట కొట్టంలకే వచ్చింది. నేను కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్న.

"పెద్దమ్మా, కోపమా?"

"కోపం గాదు బిడ్డా. మొగడు లేనిదాన్ని, నేనెదురొస్తే నీకు మంచిగ గాదు. పో, ఎనకకు సూడకుండ పో."

"మా అమ్మకు గూడ మొగడు లేడు" అన్నది హిరుత్. "వచ్చేటప్పుడు అమ్మనే ఎదురుంగ నిలవడి నన్ను పంపింది. నాకేమయింది?"

"మీ ముచ్చట ఏరు, మా ముచ్చట ఏరు. మా వీరేందర్ కాలు సూస్తలేవా?"

వీరేందర్ అప్పటికే కుంటుకుంట వచ్చి తలుపుకాడ నిలవడ్డడు. వాని ఎనక వదిన. వాడు ఫోన్ల టైము జూసిండు, నన్ను జూసిండు.

"అత్తా, నేను పడ్డది నీ మొకం జూసి గాదు. ఫోన్ మాట్లాడుకుంట నడిపిన. బాపు తంతడని చెప్పలే."

నాకు జరసేపు ఏం సమజ్ గాలే. సమజయినంక చీపురు దొరికింది.

"ఐదేండ్లురా! ఐదేండ్లు నన్ను బర్లల్ల కూసోవెట్టినవ్ కదరా, సచ్చినోడా!"

కొట్టిన. వాడు ఉరకలే, నిలవడి దెబ్బలు తిన్నడు. వదిన మలిగి ఇంట్లకు పోయింది. ఇగ హిరుత్ నా చెయ్యి పట్టుకోని, "పెద్దమ్మా, కొట్టుడు తర్వాత. ప్లేను!" అన్నది.

బయటికొచ్చి గేటు ముందట నిలవడ్డ. హిరుత్ సంచి పట్టుకోని నవ్వుకుంట నాకెదురుంగ నడిచొచ్చింది. అంతటితోని ఆగుతనా, కారెక్కి ఆమె పక్కన్నే కూసున్న. ఏర్‌పోర్టు గేటుకాడ నన్ను గట్టిగ పట్టుకోని ఈ చెంప ఆ చెంప ముద్దు పెట్టుకున్నది. ఇద్దరం ఏడుస్తుంటే, "జర పక్కకు జరగండమ్మా" అన్నడు పోలీసాయన. లోపలికి పోయెదాంక ఆమె ఎనకకు జూస్తనే ఉన్నది, నేను చెయ్యి ఊపుతనే ఉన్న.

నిజం తెలిసినంక గూడ భయం పోలే. ఐదేండ్ల భయం ఒక్క మాటతోని పోతదా? ఆ పొద్దంత ప్లేను సప్పుడయితే మీదికి జూసిన. ముద్ద దిగలే. మర్నాడు పగటాల ఫోనొచ్చింది.

"పెద్దమ్మా, ఇంటికి ముట్టిన. మంచిగున్న. అమ్మ పక్కనే ఉన్నది."

వాళ్లమ్మ ఫోన్ తీసుకోని వాళ్ల భాషల ఏమో చెప్పింది. నాకు ఒక్క ముక్క సమజ్ గాలే, "మంచిదమ్మా, మంచిదమ్మా" అన్న. ఫోన్ పెట్టి అరుగు మీద కూలవడ్డ. అబ్బ, ఎంత నిమ్మలమయిందో పానం! రెండు రొట్టెలు ఎక్కువనే తిన్న.

మూడో దినం వదినకు కంటి ఆపరేషన్. ఆటో వచ్చింది. అలవాటు ఏడికి పోతది, నా కాళ్లు కొట్టం దిక్కే నడిచినయ్. అప్పుడు గేటుకాడికెల్లి వదిన పిలిచింది.

"అనంతమ్మా! నేను పోతున్న. జర ఎదురు రారాదు."

మాఫ్ చెయ్యమనలే. ఆ నోట్లకెల్లి ఆ మాట ఎట్లొస్తది?

"ఆగు వదినే, మొకం కడుక్కోని వస్త" అన్న.

ఆటో ఆయన తొందర పెడుతున్నడు. నేను సబ్బు పెట్టి, నిమ్మలంగ, రెండుసార్లు కడుక్కున్న. తుడుచుకోని జూస్తే వదిన గేటుకాడ నిలవడే ఉన్నది.