చేపకు దొరికిన దగ్గర చుట్టం

తెరమీద అయిదు వరుసలు: చేప, కోడి, ఎలుక, కోతి, మనిషి. ఒకే జన్యువు ఒక్కో ప్రాణిలో ఎలా ఉందో అక్షరాలుగా రాసి, ఒకదాని కింద ఒకటి పేర్చినవి. ఏ అక్షరం మారిందో, ఏది మారకుండా నిలిచిందో చూస్తే ఎవరికెవరు ఎంత దగ్గర చుట్టాలో తెలుస్తుంది. ఆ జన్యువు ఏ పనికి పుట్టిందో కూడా అంతుపడుతుంది. పరిశోధకురాలికి ఏళ్ళ తరబడి అదే లోకం.

ఇవాళ ఆ వరుసలు చూస్తుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా అమ్మాయ్! తెగిన రెక్క మళ్ళీ మొలిపించుకునే చేపా, మనమూ ఒకటే. ఒక్క అక్షరం తేడా లేదు!" అన్నాడు పెద్దసారు. ప్రయోగశాలకు ఆయనే అధికారి. మధ్యాహ్నం సభలో ఈ సంగతి చాటబోతున్నాడు.

"తోడబుట్టినట్టుండే కోతికే తేడాలున్నాయి సార్. ఎక్కడో దూరపు చేపకు అచ్చు గుద్దినట్టు మన పోలికేంటి? చేప నుంచి కోసిన ముక్కలో మనిషి కణాలు కలిశాయి."

"కలిస్తే నీ చేతివే. నమూనా కోసింది నువ్వు. ఉద్యోగం కావాలంటే నోరు మూసుకో."

ఆమె చేపను ఏనాడూ ఒట్టి చేత్తో ముట్టలేదు. ముట్టింది ఆయనే. నమూనా కోసేముందు ఫొటో తీసేవాడు రాగానే చేపను రెండు చేతులా ఎత్తి పళ్ళికిలించాడు. "తొడుగులు సార్!" అని ఆమె అరిస్తే, "ఫొటోలో బాగోవమ్మా" అన్నాడు. వేరే చేపను తీస్తానంటే, "దీనికింత రాద్ధాంతమా" అని కసిరాడు.

ఆమె పళ్ళు కొరుక్కుంటూ తన జన్యువును చేప వరుసతో పోల్చింది. కలవలేదు. మనిషి వరుసకు రక్తం ఇచ్చింది పెద్దసారే. "మనిషంటే నాలా ఉండాలి" అని అప్పట్లో జోకు కూడా వేశాడు. ఆ వరుసలో ఒక అక్షరం లోకంలో ఇంకెవరికీ కనబడని వింత అక్షరం. చేపలోనూ అదే ఉంది.

చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. విసవిసా సభకు నడిచాడు.

"క్షమించాలి. మా ప్రయోగశాల అమ్మాయి అజాగ్రత్తవల్ల నమూనా పాడైంది," అన్నాడు మైకులో.

ఆమె వెనక వరుసలోంచి లేచి, గబగబా వేదికెక్కి, అయిదు వరుసలూ తెరమీద పెట్టింది.

"చేప వరుసలో ఉన్నది చేప కాదండీ, పెద్దసారే. ఇదిగో ఆయన అక్షరం, ఇదిగో ఆయన చేతిలో చేప ఫొటో."

ఎవరో కిసుక్కుమన్నారు.

"కూర్చో!" అని ఉరిమాడు పెద్దసారు.

"కూర్చోను. ఇన్నాళ్ళ నా కష్టాన్ని మీ చేత్తో చెడగొట్టి, ఆ మసి నా ముఖానికి పూస్తారా? రేపు కొత్త చేపను తీస్తాను. ఫొటోకు మీరు ఇంకేదైనా పట్టుకోండి."