మంచిదని తెలిసిన మెమరీ

"నీ కంప్యూటర్లోంచి ఒక మెమరీ పీకి ఇలా పడెయ్, లోర్నా," అన్నాడు మా ఆయన డ్వేన్, కౌంటర్ దగ్గర్నుంచి తల కూడా తిప్పకుండా.

అమెరికాలో, డులూత్ ఊళ్ళో ఈ కంప్యూటర్ రిపేరు కొట్టు ఆయన పేరు మీద ఉంది. వెనక గదిలో కంప్యూటర్లు విప్పేది నేను. ఏ భాగం పాడైందో తేలకపోతే, మంచిదని తెలిసిన భాగం ఒకటి పెట్టి చూడాలి. మా కొట్లో ఆ మంచి భాగాలన్నీ నా సొంత కంప్యూటర్లోంచే వస్తాయి. అది నిండుగా ఉన్న రోజు నాకు గుర్తులేదు. నన్నూ అలాగే వాడారు. అత్తగారు మంచాన పడితే అక్కడ పెట్టారు, కొట్లో పనివాడు మానేస్తే ఇక్కడ పెట్టారు.

ఈరోజు మాత్రం ఆ కంప్యూటర్ నాకు కావాలి. కాసేపట్లో టెక్నీషియన్ పరీక్ష దాని మీదే రాయాలి. పాసైతే ఆసుపత్రిలో ఉద్యోగం, నా చేతికి జీతం. "కొట్టుంది, మొగుడున్నాడు, ఇంకేం తక్కువమ్మా నీకు?" అంది అత్తగారు, పొద్దున నేను దుప్పటి మారుస్తుంటే.

"ముందు ఈయన కంప్యూటర్ బోర్డు వోల్టేజీ మీటరుతో చూస్తాను. ఎక్కువొస్తుంటే నా మెమరీ కాలిపోతుంది," అన్నాను డ్వేన్‌తో.

"మా ఆవిడ గ్లాసుడు పాలిచ్చినా మీటరు పెట్టి చూస్తుంది సార్!"

బీమా ఏజెంటు హాల్వర్సన్ పగలబడి నవ్వాడు. పాడైన కంప్యూటర్ ఆయనదే. "త్వరగా కానివ్వమ్మా, బయట మంచు పెరుగుతోంది."

నా దగ్గరున్న మెమరీలు రెండు. ఒకటి పీకి ఆయన కంప్యూటర్లో పెట్టాను. నేను మీటరు అందుకునేలోపే డ్వేన్ వచ్చి స్విచ్ నొక్కాడు. గుప్పున కాలిన వాసన.

"చూశారా సార్! తప్పు మీ బోర్డుదే!"

"నీ చేతిలో ఏదో మహిమ ఉందయ్యా," అన్నాడు హాల్వర్సన్. కాలింది ఎవరిదని ఎవరూ అడగలేదు. మిగిలిన దానితో నా కంప్యూటర్ ఈడ్చుకుంటూనైనా నడుస్తుంది, పరీక్ష రాసేయొచ్చు అనుకున్నాను.

"ఆ స్లాటు ఒక్కటే పోయిందేమో. పక్కదాంట్లో ఆ రెండోది పెట్టు," అన్నాడు డ్వేన్.

"నా పరీక్ష, డ్వేన్."

"వచ్చే నెల రాద్దువులే. ఎక్కడికి పోతుంది?"

పోయిన నెలా అదే మాట. ఇవాళ ఎలాగూ రాయనివ్వడు. ఈ రెండోది మిగుల్చుకున్నా రేపు ఇంకెవరి కంప్యూటరో వస్తుంది, మళ్ళీ పీకమంటాడు, మళ్ళీ పీకుతాను, మళ్ళీ వచ్చే నెల కోసం చూస్తాను. ఆ చూడడంతోనే విసిగిపోయాను. మీటరు నా చేతి పక్కనే ఉంది. అందుకోలేదు. రెండో మెమరీ పీకి, పక్క స్లాటులో నొక్కి, ఈసారి స్విచ్ నేనే వేశాను.

మళ్ళీ అదే వాసన.

ఇక డ్వేన్ అడగడానికి నా దగ్గర మంచిదేదీ మిగల్లేదు.