రెండో రొట్టె

ఇల్లు చూడ్డానికి మగవాళ్లే పోవాలన్నది రామమ్మ వాళ్ల ఆచారం. పిల్లను ఇవ్వబోయే ఇంటికి తండ్రి, పెదనాన్న, ఊళ్లో పెద్దమనుషులు ఒకరిద్దరు కలిసి పోతారు. గోడలు చూస్తారు, గొడ్లను చూస్తారు, మీసాలు సవరించుకుంటారు. మనసుకు నచ్చితే ఆ ఇంట్లో నీళ్లు తాగి, పెట్టింది తింటారు. తిన్నారంటే మాట ఇచ్చినట్టే, ఇక వెనక్కి పోయేది లేదు. నచ్చకపోతే మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఫోన్ చేస్తామని చెప్పి లేచి వస్తారు. పిల్లను కన్న తల్లి ఆ ఇంటి గడప చూసేది పెళ్లయ్యాకే.

రామమ్మను ఇచ్చినప్పుడూ ఇదే తంతు. ఆమె తండ్రి నవాబుపేట పక్కనున్న ఈ ఊరికి వచ్చి, పెళ్లికొడుకు బీరప్ప గొర్రెల మందను చూసి మురిసిపోయి, కడుపునిండా తిని పోయాడు. బావి ఎంత దూరమో ఆయన అడగలేదు, వీళ్లు చెప్పలేదు. పెళ్లయిన మర్నాడే నెత్తిన బిందె పెట్టుకుని ఆ దూరమంతా నడిచింది రామమ్మ. తండ్రి పోయి చాలా ఏళ్లయింది కానీ, ఆయన మీద ఆ కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడు కూతురు సింధుజ వంతు వచ్చింది. సింధుజ వికారాబాదులో హాస్టల్లో ఉంటూ రక్త పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తోంది. సంబంధం తాండూరుది. అబ్బాయి పేరు విజయ్‌కుమార్, నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషను నడుపుతాడు. తండ్రి లేడు, తల్లీ కొడుకూ ఇద్దరే. అతనితో ఫోన్లో మాట్లాడిన సింధుజ, మనిషి నచ్చాడంది. ఇల్లెట్లాంటిదో, పెళ్లయ్యాక తనను ఉద్యోగానికి పోనిస్తారో లేదో అన్నదే దాని బెంగ. ఆ మాట అతన్ని అడిగితే అమ్మను అడగాలన్నాడట.

గురువారం మగవాళ్లు తాండూరు పోవాలని ఖాయమైంది. అప్పట్నుంచి రామమ్మ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పొయ్యి మీద ఎసరు పెట్టి వాకిట్లోకి పోతుంది. వాకిలి సగం ఊడ్చి మంద దగ్గరికి పోతుంది. అక్కడికెందుకు వచ్చిందో మరిచిపోయి మళ్లీ ఇంట్లోకి వస్తుంది. నిలకడగా ఓ పూట కూర్చోరాదా అని బీరప్ప విసుక్కున్నాడు. బుధవారం పొద్దున్నే, పన్ను సలుపుతోంది, వికారాబాదులో చూపించుకుని వస్తానని చెప్పి బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు కనుక, ఆ అబద్ధానికి ఖర్చు కూడా కాలేదు.

ముందే అనుకున్నట్టు వికారాబాదు బస్టాండులో సింధుజ ఆమెను తాండూరు బస్సెక్కించి నీళ్ల సీసా చేతిలో పెట్టింది. అబ్బాయి ఇల్లు ఎక్కడని ఎవర్నీ అడగొద్దు, అడిగితే మాట పాకుతుంది అని మరీ మరీ చెప్పింది. ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పమంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం చూస్తారని అడిగింది రామమ్మ. సింధుజకూ చప్పున తోచలేదు.

"వాగు చూస్తరమ్మా. అందరు గదే చూస్తరు," అంది చివరికి.

ధారూరు దాటకముందే సీసా ఖాళీ అయింది. రామమ్మకు ఇంకో భయం పట్టుకుంది. తెలియని ఊరు, ఏ ఇల్లు ఎవరిదో తెలియదు. ఎవరింట్లోనైనా గుక్కెడు నీళ్లు తాగితే, అది కాస్తా వాళ్ల చుట్టాల ఇల్లయితే? తాండూరులో ఎవరింటి నీళ్లూ ముట్టకూడదని గట్టిగా అనుకుంది. అబ్బాయి ఇల్లు మార్కెట్టు పక్కనేనని సంబంధం తెచ్చిన మధ్యవర్తి చెప్పి ఉన్నాడు కాబట్టి, ఆ చుట్టుపక్కల అయితే ఎక్కడా ఆగనే ఆగొద్దనుకుంది.

బస్సు దిగి ఒక ఆటో మాట్లాడుకుంది. డ్రైవరు పేరు బాల్‌రాజ్, నడివయసు మనిషి. ఊరు చూపించమంటే ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఈడ చూసేటందుకు ఏమున్నది అక్కా? భూకైలాస్ గుడి ఉన్నది, గది ఊరి బయట. కోటిపల్లి కాడ పడవలు తిరుగుతయి, గది ఇంకా దూరం."

గుడీ వద్దు పడవలూ వద్దు, ఊరే చూపించమంది రామమ్మ. తను పుట్టిన ఊరిని చూడ్డానికి ఒక మనిషి వచ్చిందన్న సంగతి బాల్‌రాజ్‌కు కొత్త. కాసేపు బిత్తరపోయినా, తర్వాత హుషారెక్కాడు. పాలిష్ మిషన్లు వరసగా ఉన్న రోడ్డు మీద తిప్పాడు. తెల్లటి రాతి బురద, రాళ్లు కోసే రంపాల రొద. చెట్ల ఆకుల మీద కూడా దుమ్ము చూసి రామమ్మ గుండె గుభేలుమంది. కందుల బస్తాలు పేర్చిన మార్కెట్టు చూపించాడు. అక్కడ సగం మంది కన్నడం మాట్లాడుతున్నారు. కోపాలొస్తే ఈ ఊరివాళ్లు ఏ భాషలో తిట్టుకుంటారోనని అదొక బెంగ పెట్టుకుంది. మార్కెట్టు పక్క ఇళ్లను తొంగి తొంగి చూసింది, అంతలోనే ఎవరైనా తనను చూస్తారేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆమె అడిగే ప్రశ్నలు మాత్రం ఊరు చూసేవాళ్లవి కావు. నల్లా నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి, చీకటి పడ్డాక ఆడవాళ్లు ఒంటరిగా నడవగలరా, రక్త పరీక్షలు ఎక్కడెక్కడ చేస్తారు అని అడుగుతూనే ఉంది. పానం బాగలేదా అక్కా అని ముందు జాలిపడ్డాడు బాల్‌రాజ్. కాసేపటికి తనకు తనే తేల్చేసుకున్నాడు, ఈవిడ ప్లాటు కొనడానికి వచ్చిందని. అప్పట్నుంచి ప్రతి ఖాళీ జాగా దగ్గరా ఆటో నెమ్మదిగా పోనిచ్చాడు. వాళ్ల అక్క ఇల్లు దారిలోనే ఉందని ఆపి, మంచినీళ్లు తాగమన్నాడు. నాలుక పిడచకట్టుకుపోతున్నా రామమ్మ వద్దంది.

చివరికి వాగు దగ్గర దింపమంది. పగలంతా తిరిగినా తన బిడ్డ ఈ ఊళ్లో ఎట్లా బతుకుతుందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపొక్కటే తక్కువ.

కాగ్నా వాగు ఎండల్లో ఒక పక్కకు ఒదిగి పారుతోంది. బండల మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. గట్టెక్కే దారిలో ఒక గొర్రె కుంటుతూ కనిపించింది. దాని వెనకాల ఒకావిడ, పట్టుకోబోతే అది అందకుండా పోతోంది. రామమ్మ ఇక ఏమీ ఆలోచించలేదు. ఎదురుగా పోయి, వెనక కాలు ఒడిసిపట్టి, గొర్రెను పక్కకు పడేసి మోకాలితో అదిమింది. గిట్టల సందులో తుమ్మముల్లు విరిగి ఉంది. పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, ముల్లును పైకి లేపి, గోళ్లతో లాగేసింది. వారం రోజులుగా ఒకచోట నిలవని మనిషి ఆ కాసేపు అక్కణ్నుంచి కదలలేదు.

ఆ గొర్రె యజమానురాలి పేరు సుమిత్రమ్మ. రాక్షసి గొర్రె అక్కా ఇది, నీకు ఎట్ల దొరికిందో అని నవ్వుతూ, గట్టు మీదే ఉన్న తన ఇంటికి తీసుకుపోయింది. వేపచెట్టు కింద కూర్చోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. రామమ్మ గటగటా తాగేసింది. జొన్నరొట్టె, పుంటికూర పెడితే తినసాగింది. పనిచేసిన చేతికి ఆకలి తెలిసింది కానీ, పొద్దున అనుకున్న మాట గుర్తుకు రాలేదు. ఇది మార్కెట్టూ కాదాయె.

ఏ పని మీద వచ్చావని అడిగితే ఊరు చూడ్డానికని చెప్పింది. సుమిత్రమ్మ దానికి ఆశ్చర్యపోలేదు. తన గోల తనకే ఎక్కువగా ఉంది. గోడలకు తడి ఆరని సున్నం, మూలన ఇంకా కడగని బ్రష్షు.

"రేపు ఇల్లు చూడొస్తున్నరక్కా నా కొడుక్కు. పిల్ల వికారాబాదుల రక్తం పరీక్షలు చేస్తదంట, నవాబుపేట దిక్కోళ్లు. మూడు దినాల సంది సున్నమేస్తనే ఉన్న, ఏసిన గోడకే మళ్ల ఏస్తున్న."

రామమ్మ నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. చేతిలో ఇంకా తుంచాల్సిన రొట్టె ముక్క మిగిలి ఉంది. తిన్నది తిన్నట్టే. మగవాళ్లు ఇంకా బయల్దేరక ముందే తను మాట ఇచ్చేసి కూర్చుంది. ఇల్లు మార్కెట్టు పక్కనేనన్న మధ్యవర్తి మాట ఒట్టి గొప్పకేనని ఇప్పుడు తెలిసింది.

సుమిత్రమ్మ చెప్పుకుపోతోంది, పరాయి మనిషే కదా అన్న ధైర్యంతో. నల్లా వాకిట్లోనే ఉంది కానీ రెండు దినాలకోసారి వస్తుందట. కొడుకు బట్టలు నిండా రాతిదుమ్మే, వాగులో స్నానం చేసి గానీ ఇంట్లోకి రాడట. వాడికి కోపం కాస్త ఎక్కువ, అలిగి ఒక పూట తినడు, మళ్లీ వాడే వచ్చి గిన్నెలు వెతుక్కుంటాడట.

"మరి పిల్లను నౌకరికి పంపుతవా?" అంది రామమ్మ.

సుమిత్రమ్మ కాస్త సిగ్గుపడింది. "పోయిన వారం స్టేషన్ కాడి ల్యాబుల పోయి అడిగిన, మనిషి కావాల్నా అని. నా కొడుక్కు గూడ చెప్పలే. సంబంధమే కుదరలే, అప్పుడే నౌకరి అడిగింది ముసల్ది అని నవ్వుతరు." చెంబు అటూ ఇటూ తిప్పింది. "ఏం అడిగితే ఏమున్నది. మగోళ్లొస్తరు, రేకుల ఇల్లు చూస్తరు, పోతరు. నువ్వైతే ఇస్తవా అక్కా గీ ఇంటికి పిల్లను?"

రామమ్మ కళ్లు చెమర్చాయి. తనను ఇచ్చిన నాడు ఒక్క మనిషైనా ఇట్లా ముందే పోయి ఏదైనా అడిగి వచ్చిందా? నోరు తెరిస్తే సంగతంతా బయటపడేలా ఉంది. పళ్లెం ముందుకు జరిపింది.

"ఇంకో రొట్టె ఉంటే పెట్టు," అంది.

అడిగినదానికి జవాబు రాలేదని సుమిత్రమ్మ ముఖం చిన్నబోయింది. అయినా రొట్టె పెట్టింది. రామమ్మ దాన్ని ఆఖరి తునకదాకా తిని, చెయ్యి కడుక్కుని, బస్సుకు వేళయిందని లేచింది.

వికారాబాదులో బస్సు దిగి, మంచీ చెడూ ఏదీ దాచకుండా సింధుజకు చెప్పింది. దుమ్ము సంగతీ, కోపం సంగతీ కూడా చెప్పింది. సింధుజ అన్నీ విని, ల్యాబు మాట దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పించుకుని, నాకు ఇష్టమేనమ్మా అంది.

గురువారం పగలంతా రామమ్మ గడపకూ గేటుకూ మధ్య తిరిగింది. మగవాళ్లు ఎట్లాగూ అక్కడ తినివస్తారన్న ధీమాతో వంట పెట్టుకోలేదు. పొద్దు వాలే వేళకు వచ్చారు. రాగానే బీరప్ప వాళ్ల అన్న చెంబెడు నీళ్లు తాగి, తినడానికేమున్నదని అడిగాడు. రామమ్మ ప్రాణం ఉసూరుమంది.

రేకుల ఇల్లట, సందు ఇరుకట, భూమి లేదట, చెట్ల మీద కూడా దుమ్మేనట. ఆవిడ ఎంత బతిమాలినా నీళ్లు ముట్టకుండా, ఫోన్ చేస్తామని చెప్పి వచ్చారట. చెబుతూ బీరప్ప, భార్య కళ్లలోకి చూడలేకపోయాడు. ల్యాబుకు సెలవు పెట్టి వచ్చిన సింధుజ లోపలి గదిలోంచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను తిన్న ఆ ఇంట్ల," అంది రామమ్మ.

పన్ను అబద్ధం దగ్గర్నుంచి వాగు దాకా అంతా చెప్పేసింది. వినేసరికి బీరప్ప అన్న లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు తింటే అది లెక్కలోకి రాదన్నాడు, తెలియక తిన్నది అసలే రాదన్నాడు.

"పెండ్లయినంక ఆ ఇంట్ల దినాం తినేది ఎవరు బావా, మీరా?" అంది రామమ్మ. "ఒక రొట్టె తెల్వక తిన్న. ఇంకో రొట్టె తెలిసి, అడిగి పెట్టించుకొని తిన్న."

బీరప్ప అన్నను దాటి భార్య దగ్గరికి వచ్చాడు.

"నల్లా యాడున్నది ఆ ఇంట్ల?" అని అడిగాడు.

"ఆకిట్లనే. మీరు చూడలే?"

చూడలేదు. బీరప్ప జేబులోంచి ఫోను తీసి, నంబరు కలిపి, తను మాట్లాడకుండా భార్య చేతికిచ్చాడు. విజయ్‌కుమార్ ఎత్తితే, అమ్మకియ్యి నాయినా అంది రామమ్మ.

"వదినె," అంది, "గొర్రె కాలు ఎట్లున్నది ఇప్పుడు?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"నడుస్తున్నది వదినె," అంది సుమిత్రమ్మ. "మంచిగ నడుస్తున్నది."