ఫోన్ రానివాళ్ళు

ఆసుపత్రి ల్యాబులో రెండో మిషన్ కొన్నాళ్ళుగా థైరాయిడ్ పరీక్ష తప్పు చూపిస్తోందని ఆ సోమవారం బయటపడింది. వాడే మందు చాలడం లేదన్నట్టు చూపించింది. అది నమ్మి డాక్టర్లు చాలామందికి డోసు పెంచేశారు.

"ఆ మిషన్ మీద చేయించుకున్న వాళ్ళ వివరాలన్నీ తీసివ్వమ్మా. ఫోన్లు చేయించాలి," అంది పెద్ద డాక్టరమ్మ, కంప్యూటర్ గదిలోకి తొంగిచూసి.

ఆ గదిలో పనిచేసేది ఒక్కతే. చేరినప్పుడు అందరికంటే చిన్నది కాబట్టి చిన్నమ్మాయి అన్నారు. ఇద్దరు పిల్లల తల్లయినా ఆ పేరు వదల్లేదు. చిన్నాడికి జ్వరమొచ్చి ముందురోజు రాత్రంతా ఆమెకు కునుకు లేదు.

ల్యాబులో టెక్నీషియన్లు రోజుకో టెక్స్ట్ ఫైలు కొట్టిపెడతారు. మనిషికో వరుస. పేరు, ఫోన్ నంబరు, పరీక్ష, మిషన్, ఫలితం, వాటి మధ్య నిలువు గీతలు. నల్ల తెర మీద గ్రెప్ అనే వెతికే కమాండ్ కొట్టి, రెండు గీతల మధ్య రెండో మిషన్ గుర్తు 'టి2' ఉన్న వరుసలే కావాలంటే, అది ఫైళ్ళన్నీ జల్లెడపట్టి అవే ముందు పోస్తుంది. రెప్పపాటు పని. మామూలుగా అయితే ఇంకో రకంగా కూడా తీసి, రెండూ సరిపోయాయో లేదో చూసుకునేది. ఆ రోజు కళ్ళు మండుతున్నాయి. వచ్చినవి వచ్చినట్టు కౌంటర్‌కి పంపేసింది.

బుధవారం కౌంటర్ దగ్గర్నుంచి ఒకావిడని ఆమె గదికి పంపించారు.

"మా పక్కింటావిడకి మీవాళ్ళు ఫోన్ చేశారటండీ, మందు తగ్గించమని. మా అత్తగారూ ఆవిడా ఒకేరోజు వచ్చి రక్తం ఇచ్చారు. మాకు రాలేదేంటా అని," అంది ఆవిడ.

"వేరే మిషన్ మీద చేసుంటారండీ. ఆవిడ ఎలా ఉన్నారు?"

"బయట కూర్చోబెట్టాను. చేతులు వణుకుతున్నాయి. గుండె దడదడలాడుతోందంటుంది. వయసు కదా అనుకున్నాం."

చిన్నమ్మాయి ఈసారి అత్తగారి పేరుతో వెతికింది. వరుస దొరికింది. మిషన్ దగ్గర 'టి2' అనే ఉంది. కాకపోతే దాని తర్వాత, గీతకి ముందు, ఓ చిన్న ఖాళీ. గీతకి ఆనుకుని లేదు కాబట్టి గ్రెప్ ఆ వరుసని వదిలేసింది.

"రండి, ముందు ఆవిడని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దాం," అంటూ లేచింది.

ముసలావిడ నడవలేకపోయింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. "మీ అందరికీ పని పెట్టాను," అంది ఆవిడ దారిలో, మాట్లాడటానికే ఆయాసపడుతూ. డాక్టరమ్మ నాడి చూసి, వెంటనే మంచం ఇప్పించింది.

"ఇలా ఇంకెంతమంది మిగిలిపోయారు?" అని అడిగింది బయటికొచ్చి.

"చూస్తానండీ. ఖాళీలుంటాయని నాకు తట్టలేదు. సరిచూసుకోకుండా పంపేశాను."

"త్వరగా చూడు," అని డాక్టరమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. కోప్పడితే బాగుండుననిపించింది చిన్నమ్మాయికి.

ఈసారి ఆక్ అనే ఇంకో కమాండ్‌తో తీసింది. అది వరుసని గీతల దగ్గర ముక్కలు చేసి, ఏ ముక్క కావాలంటే ఆ ముక్కని విడిగా చూడనిస్తుంది. మిషన్ ముక్కలో ఖాళీలు తుడిపించి, చిన్నక్షరాలూ పెద్దక్షరాలూ ఒకటే అనుకోమని చెప్పి, అప్పుడు పోల్చమంది. పాతవి తీసేయగా మిగిలిన కొత్త వరుసలతోనే తెర నిండిపోయింది. దాదాపు అన్నీ మధ్యాహ్నం షిఫ్టువే.

ఆ షిఫ్టు టెక్నీషియన్‌ని అందరూ నిదానం అంటారు. రెండు వేళ్ళతో కొడతాడు, మాట మాటకీ ఓ స్పేస్ కొట్టి ఊపిరి పీల్చుకుంటాడు. సంగతి తెలిసి గదికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నా వేలి చలవే కదమ్మా ఇది?"

"వేలి తప్పేముంది అన్నయ్యా. చూసుకోవాల్సింది నేను."

"కౌంటర్ వాళ్ళు వెళ్ళిపోయే టైమైంది. ఫోన్లు మనం చేద్దామా?"

సగం సగం పంచుకున్నారు. ఒకాయన డోసు పెంచినప్పట్నుంచి నిద్రే లేదని తిట్టిపోశాడు. ఇంకొకావిడ అసలు ఆ మందు కొననేలేదని నవ్వింది. ఒకబ్బాయి వాళ్ళమ్మ చేత మాత్ర పేరు మూడుసార్లు చదివించాడు. చెప్పిందే చెప్పీ చెప్పీ చిన్నమ్మాయి గొంతు బొంగురుపోయింది. నిదానం మాత్రం ప్రతి ఒక్కరినీ కుశలమడిగి గానీ విషయంలోకి రాలేదు. ఆమె వద్దనలేదు.

మధ్యలో ముసలావిడ కోడలు తలుపు దగ్గరికొచ్చింది. "దడ తగ్గిందండీ. రెండ్రోజులు ఉంచుతామన్నారు," అంది. వెనక్కి తిరుగుతూ, "పక్కింటావిడ చెప్పకపోతే మేం వచ్చేవాళ్ళం కాదు," అని వెళ్ళిపోయింది.

నిజమేనని చిన్నమ్మాయికి తెలుసు. ఇంటికి ఫోన్ చేసి, చిన్నాడి జ్వరం ఎలా ఉందో కనుక్కుని, ఆలస్యమవుతుందని భర్తకి చెప్పింది. ఎత్తని నంబర్లు ఇంకా కొన్ని ఉన్నాయి. చల్లారిన టీ పక్కకు జరిపి, మొదటి నంబరు మళ్ళీ నొక్కింది.