వంటనూనెతో కదిలిన పెళ్లికారు

దిగ్బంధం బిగిసిన నాటినుంచి గాజాలో డీజిల్ చుక్క కనబడలేదు. అందుచేత నా మేనల్లుడు వస్ఫీ తన పెళ్లికారులో, శరణార్థులకు సహాయ సంస్థ పంచిన వంటనూనె పోయించాడు. పరమదయాళువు కరుణించాడు, కారు కదిలింది. కదలడమే కాదు, ఫలాఫెల్ వడలు వేగుతున్న పరిమళాన్ని జబాలియా శిబిరమంతటా వెదజల్లింది.

వధువు నుజ్హా తండ్రి అబూ లతీఫ్ ఒట్టు పెట్టుకున్నాడు: సాయంత్రపు నమాజుకు పిలిచే అజాన్ వినబడేలోగా వరుడు రాకుంటే పిల్ల ఆనాడు గడప దాటదు. మా ఇంట విందు సిద్ధంగా ఉంది; కరెంటు లేని చోట వండిన మాంసం మరునాటికి నిలవదు.

దారిలో ఒక ముసలాయన మా కారు కిటికీ తట్టాడు. "బాబూ, ఆరు ఫలాఫెల్ కట్టు, కారం దండిగా!"

"ఇది కొట్టు కాదు పెద్దాయనా, పెళ్లి!" అన్నాడు వస్ఫీ.

"మరీ మంచిది. అయితే ఊరికే పెట్టండి!"

సరుకులు పంచే కేంద్రం ముందు నూనె అయిపోయి కారు ఆగింది. పొద్దు వాలుతోంది. వస్ఫీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మామయ్యా, మసీదులో పాఠాలు చెప్పేవారు కదా, ఇవాళ అజాన్ కాస్త ఆలస్యంగా ఇమ్మని కబురు పెట్టరూ?"

"సూర్యుడు నన్నడిగి అస్తమిస్తాడట్రా, వెర్రివాడా!"

ఇంతలో ఉమ్ జవాహిర్ అనే వృద్ధురాలు, అప్పుడే అందుకున్న నూనెసీసాతో వరుసలోనుంచి వచ్చింది.

"అమ్మా, అది తినడానికిచ్చింది, తిరగడానికి కాదు!" అని గుమాస్తా అరిచాడు.

"నా నూనె, నా ఇష్టం! పెళ్లి చూసి ఎన్నాళ్లయిందిరా, నోర్మూసుకో!" అంటూ సీసా ఒంపి, వెళ్లి ముందుసీట్లో కూర్చుంది. ఆమెను చూసి మరికొందరు పోశారు. పోసినవారందరూ ఎక్కారు, పట్టనివారు కప్పుమీదికి పాకారు.

వధువు వీధి మలుపు తిరుగుతుండగా అజాన్ వినిపించింది. అబూ లతీఫ్ గుమ్మానికి అడ్డంగా నిలిచాడు.

"అయిపోయింది. రేపు రండి."

"అదేం కుదరదు నాన్నా!" అంది లోపలినుంచి నుజ్హా. "అజాన్‌కి ముందే వాసనొచ్చింది. ఫలాఫెల్ ఎవరు వేస్తున్నారే అని నువ్వే అడిగావు!"

"వాసనొస్తే పెళ్లికొడుకు వచ్చినట్టేనా? షేక్ గారూ, మీరు వాళ్లవైపే అయినా అల్లాహ్‌కి భయపడే మనిషి. మీరే చెప్పండి," అని నావైపు తిరిగాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "తప్పిపోయిన కొడుకు పంపిన చొక్కా ఇంకా దారిలో ఉండగానే, కొడుకు పరిమళం నాకు సోకిందన్నాడు ఖురాన్‌లో ఒక వృద్ధ ప్రవక్త. ఇంట్లోవాళ్లు నమ్మలేదు, ఆయన మాటే నిజమైంది. నీ కూతురి ముక్కును కాదనకు."

అబూ లతీఫ్ గడ్డం ఊగేలా నవ్వాడు. "సరే, ముందు నమాజు. తర్వాత నేనూ ఆ కారెక్కుతా. ఆ వాసనకి కడుపు కాలిపోతోంది!"

నుజ్హా అప్పటికే గడప దాటింది.